మూడేళ్ళ సాయం అయిపోవస్తుంది, మా ఎఫ్‌పీఓకి వ్యాపారం నేర్పేటోళ్ళు ఎవరు?

మర్రిగూడ_బత్తాయి
మాది నల్గొండ జిల్లా, అంతా బత్తాయి తోటలే. కేంద్రం తెచ్చిన పది వేల ఎఫ్‌పీఓల (రైతులే వాటాదారులుగ ఉండే కంపెనీల) పథకం కింద కంపెనీ పెట్టుకున్నం, సభ్యులు మూడు వందల పైన ఉన్నరు, ఒక్కొక్కరు వెయ్యి రూపాయలు వాటా కట్టిన్రు. మూడేళ్ళ పాటు ఖర్చులకని వచ్చే 18 లక్షల సాయం ఈ మార్చితోటి ఒడిసిపోతది. సీఈఓ జీతం, అకౌంటెంట్ జీతం, ఆఫీసు కిరాయి అన్నీ దాంట్లకెళ్ళే నడిచినయ్. సీఈఓ పిల్లగాడు మంచోడే కని జీతం లేకుంటే ఎట్ల ఉంటడు, ఇప్పటికే హైదరాబాద్‌ల వేరే ఉద్యోగం చూసుకుంటున్నడు. మేం చేసే వ్యాపారం అంటే ఎరువుల దుకాణం ఒక్కటే. మా కంపెనీని నిలబెట్టి నడక నేర్పాలని మాకు అప్పజెప్పిన సీబీబీఓ సంస్థ మొదటి ఏడు నెలనెలా వచ్చేది, ఇప్పుడు ఫోన్ చేస్తే రిపోర్టు పంపుండ్రి అంటరు. వాళ్ళు రాసిచ్చిన బిజినెస్ ప్లాన్‌ల బత్తాయి జ్యూస్ ఫ్యాక్టరీ అని ఉంది, కోటి పైన ఖర్చు. ఆ జ్యూస్ కొనేదెవరు అంటే జవాబు లేదు. ట్రైనింగులు మస్తు అయినయ్, ఫొటోలు దిగినం, బిర్యానీ తిన్నం, కని కాయ కొనే ఒక్క పార్టీ నంబర్ మా చేతికి రాలే. నడిపిస్తున్నోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, ఎఫ్‌పీఓకి వ్యాపారంల సాయం అంటే అసలు ఎవరు చేస్తరు, యాడ దొరుకుతది?

వనపర్తి_పల్లి
మార్చి దాక ఆగొద్దన్నా. ముందుగాల ఒక్కటి చెప్పు, ఎరువుల మీద ఖర్చులన్నీ పోను ఏడాదికి ఎంత మిగులుతుంది?

కొండమల్లేపల్లి_శీను
మీకు బిర్యానీ పెట్టిన్రా, మా ట్రైనింగ్‌ల రోజూ ఉప్మానే 😄

మర్రిగూడ_బత్తాయి
వనపర్తి అన్నా, ఏం మిగల్తది. యూరియా సంచి 266 రూపాయల 50 పైసలకే అమ్మాలె, దాంట్ల మన వాటా ఎంతుంటదో నీకు తెల్వంది కాదు. లారీ కిరాయి, హమాలి పైసలు తీసేస్తే చిల్లర. సగం మంది ఉద్దెర. మిగిలేదల్ల పురుగుమందుల మీదనే అంటరు, ఆ లైసెన్సుకు చదువుకున్న మనిషి కావాలన్నరు.

లెక్కల_మనిషి
నేను నల్గొండలో కొన్ని ఎఫ్‌పీఓల ఖాతాలు చూస్తాను. లైసెన్సు సంగతి చిన్నది, మ్యానేజ్ (హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ) వాళ్ళ ఎరువులు, పురుగుమందుల డీలర్ల డిప్లొమా ఉంది, డేసీ అంటారు, ఏడాది కోర్సు, వారానికి ఒక్క రోజు క్లాసు. మీ స్టాఫ్‌లో ఒకర్ని చేర్పించండి. నాకు భయం వేరే చోట. మీ కంపెనీ రిటర్నులు వేశారా? ఏఓసీ-4 (ఏడాది లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) ఈ రెండూ ప్రతి ఏడాదీ వేయాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పడుతుంది, వ్యాపారం జరిగినా జరగకున్నా. వరసగా మూడేళ్ళు వేయకపోతే డైరెక్టర్లందరూ అనర్హులవుతారు, అయిదేళ్ళ దాకా ఏ కంపెనీలోనూ డైరెక్టర్‌గా ఉండలేరు. మన రైతుల్లో చాలామందికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. సీబీబీఓ ఉన్నన్నాళ్ళు వాళ్ళే ఎవరో సీఏతో వేయిస్తారు, వాళ్ళు పోయాక ఆ లాగిన్ ఎవరి దగ్గర ఉందో కూడా బోర్డుకు తెలియదు. డైరెక్టర్ల డిజిటల్ సంతకాలు, పోర్టల్ పాస్‌వర్డులు, బ్యాంకు చెక్కుబుక్కు, షేర్ సర్టిఫికెట్ల రిజిస్టరు ఇవన్నీ మార్చి లోపల మీ ఆఫీసు బీరువాలో ఉండాలి. వ్యాపారం గురించి మాట్లాడే ముందు ఈ పని చేయండి.

దేవరకొండ_ఎవుసం
గిదే నేను మొత్తుకునేది. రైతును రైతులెక్క ఉండనియ్యక కంపెనీ అని పెట్టిచ్చిన్రు, ఇగ రోజుకు నూరు రూపాయల జుర్మానా. మా ఊర్ల సేటు ఉన్నడు, రాత్రి పన్నెండు గంటలకు దవాఖాన అంటే పైసలు తీసిస్తడు. మీ ఎఫ్‌పీఓ ఇస్తదా? సొసైటీలు ఎప్పటిసంది ఉన్నయ్, వాటిని బాగు చేస్తే సాలు, కొత్త దుకాణం ఎందుకు.

వనపర్తి_పల్లి
దేవరకొండ అన్నా, సేటు పన్నెండు గంటలకు ఇచ్చేది నిజమే, నేను కాదన. ఆ పైసలకు మిత్తి ఎంత, కాయ తెగినంక ఆయనకే పొయ్యాలనే షరతు ఎంత, ఆయన కాంటల పోయేది ఎంత, గవన్నీ ఒక కాయిదం మీద రాసి కూడు. మా దిక్కు పల్లికాయల నేను రాసి చూసిన. మిత్తి కన్నా కాంటల, రేట్ల పోయేదే ఎక్కువ తేలింది.

దేవరకొండ_ఎవుసం
కాంట సంగతి ఒప్పుకుంట. మిగతాది ఒప్పుకోను. ఆపతికి నిలబడేటోడే మనోడు.

ఫీల్డ్_రాజు
నేను ఇంతకుముందు ఒక సీబీబీఓలో పనిచేసిన, ఇప్పుడు లేను కాబట్టి లోపలి సంగతి చెప్త. పథకం మొదలైంది 2020 ఫిబ్రవరి 29న, మొత్తం 6,865 కోట్లు. రైతు కంపెనీకి మూడేళ్ళకు 18 లక్షలు, దాన్ని నిలబెట్టే సంస్థకు అయిదేళ్ళకు 25 లక్షల దాకా. అంటే మర్రిగూడ అన్నా, నీకు మూడేళ్ళు అయిపోయినా వాళ్ళ బాధ్యత ఇంకా రెండేళ్ళు ఉంది, ఇది గట్టిగ పట్టుకో. నిబంధనల ప్రకారం వాళ్ళ దగ్గర వ్యవసాయం, మార్కెటింగ్, చట్టం-లెక్కలు, సభ్యుల్ని కూడగట్టుడు, కంప్యూటర్ పని, ఒక్కో దానికి ఒక్కో నిపుణుడు ఉండాలె. ఊర్లకు వచ్చేది మాత్రం ఒక్క పిల్లగాడు, బండి మీద తిరిగి ఎన్నో ఎఫ్‌పీఓలు చూస్తడు, ఆయన కింద పైన పడుతనే ఉంటడు. పైసలు వచ్చేది మైలురాళ్ళను బట్టి. ఇంతమంది సభ్యులు చేరిన్రా, రిజిస్ట్రేషన్ అయిందా, వాటాకు సమానంగ వచ్చే గ్రాంటుకు దరఖాస్తు పోయిందా, గివి అడుగుతరు. ఈ ఏడు రైతుకు టన్నుకు ఎంత ఎక్కువ వచ్చింది అని మా రిపోర్టుల ఒక్క గడి కూడా లేకుండె. అందుకే పని అంతా ఆ గడులు నింపుడు దిక్కే పోతది. ఉద్యోగులను తిట్టి లాభం లేదు, అడిగేది మారితే పని మారుతది.

మీరు చేయాల్సింది ఒక్కటే, బోర్డు తీర్మానం రాసి, మాకు మార్కెటింగ్ నిపుణుడు కావాలె, ఫలానా పంటకు కొనేటోళ్ళను చూపియ్యాలె అని సీబీబీఓకు, దానికి పైన ఉన్న ఏజెన్సీకి, నాబార్డు అయితే జిల్లా మేనేజర్‌కు కాపీ పంపుండ్రి. ఫోన్ మాట గాలికి పోతది, కాయిదానికి జవాబు రాయాలె.

మర్రిగూడ_బత్తాయి
రాజు అన్నా ఇంకా రెండేళ్ళు ఉందన్న సంగతి మా బోర్డుల ఎవరికీ తెల్వదు. అగ్రిమెంటు కాపీ రేపే అడుగుత.

పాలకుర్తి_వాణి
గ్రాంటు గురించి ఒక డౌటు. సభ్యుడు ఎంత కడితే అంత కేంద్రం ఇస్తదా?

లెక్కల_మనిషి
వాణి గారూ, అవును, సభ్యుడి వాటాకు సమానంగా, ఒక్కో రైతుకు 2,000 దాకా, మొత్తం కంపెనీకి 15 లక్షలు దాటకుండా. మర్రిగూడ వాళ్ళు వెయ్యి చొప్పున కట్టారంటే సగమే వాడుకున్నట్టు. వాటా ఇంకో వెయ్యి పెంచుకుంటే ఇంకో వెయ్యి వచ్చే వీలుందేమో మీ ఏజెన్సీని అడగండి. ఇది అప్పు కాదు, మీ మూలధనమే పెరుగుతుంది, బ్యాంకు మొదట చూసేది దాన్నే.

నారాయణపేట_లక్ష్మక్క
మేం ఎఫ్‌పీఓ కాదు, మహిళా సంఘం వాళ్ళం, పది మందిమి కలిసి చిన్న కందిపప్పు మిల్లు పెట్టినం. పీఎంఎఫ్ఎంఈ అని చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం స్కీము, దాని కింద లోన్ తీసుకున్నం, ఖర్చుల 35 శాతం సబ్సిడీ. మాకు నేర్పిన మనిషి గురించి చెప్త, అది మీకు పనికొస్తదేమో. జిల్లాల ఈ స్కీముకు రిసోర్స్ పర్సన్ అని ఒకాయన ఉంటడు, ప్రాజెక్టు రిపోర్టు రాసుడు, బ్యాంకుకు తిరుగుడు, ఫుడ్ లైసెన్సు అన్నీ ఆయన చేసిండు, మేం పైసలు ఇయ్యలే, ఆయనకు ప్రభుత్వమే ఇస్తది. లోన్ వచ్చేదాక మంచిగ చూసిండు. మిల్లు తిరిగినంక అసలు కష్టం మొదలయింది.

కందులు ఆడిస్తే పప్పు సగం నూకైతుండె. కంది ఎండలేదు, నూనె పట్టిచ్చి సరిగ నానలేదు, ఒక్క సైజుల జల్లెడ పట్టలేదు. పక్క మండలంల పాత మిల్లు నడిపిన ఒక పెద్దాయనను తీసుకొచ్చుకున్నం. ఆయన గుప్పెడు కందులు తీసి పంటి కింద ఒకటి కొరికి, ఇవి ఇంకో రెండు ఎండలు కావాలె అన్నడు. నూనె రాసి రాత్రంతా కుప్ప పోసి బట్ట కప్పుడు, పొద్దున తీసి ఎండకు పరుచుడు, మళ్ళ నీళ్ళు చల్లుడు, అన్నీ దగ్గరుండి చేయిచ్చిండు. ఇప్పుడు క్వింటా కందులకు 70 కిలోల దాక పప్పు దిగుతుంది, నూక వేరే అమ్ముతం, పొట్టు బర్రెలకు పోతది. మూడు రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ గోడకు ఉంది, పని నేర్పింది మాత్రం ఆ పెద్దమనిషే. ఆయనకు మేం నెలకు ఇంత అని ఇచ్చినం. సాయం చేసేటోళ్ళను మనమే పైసలిచ్చి పెట్టుకుంటే మన మాట వింటరు, నేనైతే గిట్లనే అనుకుంట.

వనపర్తి_పల్లి
అక్కా, మిల్లు నడిపిన మనిషే నేర్పాలె, నూటికి నూరు పాళ్ళు నిజం.

దేవరకొండ_ఎవుసం
లక్ష్మక్క మాట నాకు మంచిగనిపించింది. అమ్ముడు ఎట్ల చేస్తున్రు అక్కా, కిరాణం దుకాణాలకా?

నారాయణపేట_లక్ష్మక్క
మొదట కిరాణాలకే ఇచ్చినం, వాళ్ళు పైసలు ఇయ్యనీకి మస్తు రోజులు తిప్పుకున్నరు, మా పెట్టుబడి అంతా వాళ్ళ దగ్గరనే ఉండిపోయింది. ఇప్పుడు ఉద్దెర బంద్. హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్ల వాళ్ళు వాట్సాప్‌ల చెప్తరు, ముందే పైసలు వేస్తరు, నెలకొకసారి బండి పోతది. ఇంకో సంగతి, 25 కిలోల లోపు ప్యాకెట్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం జీఎస్టీ ఉంటది, 2022 జులై నుంచి. లెక్కల మనిషిగారు ఇసొంటివి ముందే చెప్పుంటే మా రేటు అప్పుడే సరిగ పెట్టుకుందుము. తాండూరు కందిపప్పు అని మాత్రం రాసుకోలేం, దానికి 2022ల జీఐ (ఆ ప్రాంతం పేరు మీద గుర్తింపు) వచ్చింది, పేరు వాడుకోవాలంటే ఆ ఏరియా పంట అయి ఉండాలె, రిజిస్టర్ కావాలె. మాది నారాయణపేట కందే, అట్లనే రాస్తం, రుచి చూసినోళ్ళు మళ్ళ అడుగుతున్నరు.

మిర్యాలగూడ_99
లక్ష్మక్క వాట్సాప్ గ్రూపుల నన్ను కలపండి ప్లీజ్, మా అమ్మకు కంది పప్పంటే ప్రాణం

నారాయణపేట_లక్ష్మక్క
పప్పు కావాలంటే ముందు పైసలు వెయ్యి తమ్ముడు 😀

రిటైర్డ్_ఫీల్డ్ఆఫీసర్
బ్యాంకు వైపు నుంచి ఒక మాట. నేను ఈ జిల్లాల్లోనే గ్రామీణ శాఖల్లో పనిచేసి రిటైరయ్యాను. ఎఫ్‌పీఓలు అప్పుకు వస్తే మాకు వచ్చే ఫైలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది, గోదాం కట్టాలి, ప్రాసెసింగ్ యూనిట్ పెట్టాలి. ముందు ఏడాది ఎంత కొన్నారు, ఎంతకు అమ్మారు అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అగ్రి ఇన్‌ఫ్రా ఫండ్ ఉంది, 2 కోట్ల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ, ఏడేళ్ళ వరకు. ఎఫ్‌పీఓలకు ప్రాజెక్టు రుణం మీద 2 కోట్ల దాకా క్రెడిట్ గ్యారంటీ కూడా ఉంది. అయినా మేనేజర్లు తాకట్టు అడుగుతారు, అది నాకు తెలుసు, వాళ్ళ మీద కూడా ఒత్తిడి ఉంటుంది. ఆ మేనేజర్ మనసు మార్చేది ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు, స్టాకు రిజిస్టరు, జీఎస్టీ రిటర్ను, కొనేవాళ్ళ నుంచి వచ్చిన ఆర్డరు. ఆర్డరు చేతిలో ఉంటే మాట తీరే వేరు.

రైతు కంపెనీకి మొదట కావలసింది గోదాం కాదని నా నమ్మకం. పంట తెచ్చిన రైతుకు ఆ రోజే ఎంతో కొంత చేతిలో పెట్టడానికి నడిచే డబ్బు కావాలి. అది లేక ఎన్నో కంపెనీలు మూతపడ్డాయి. నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కిసాన్ ఈ రకం అప్పులు ఇస్తుంది, బ్యాంకు కాదంటే అక్కడ అడగండి, వడ్డీ మాత్రం సరిచూసుకోండి.

వనపర్తి_పల్లి
సార్ చెప్పిన ఆ నడిచే డబ్బు దగ్గర్నే మేం బతికినం. కొంచెం పెద్దగ రాస్త, ఏమనుకోకుండ్రి.

మాది యాసంగి పల్లి, స్ప్రింక్లర్ల కింద. పంటంతా కంపెనీ కొనాలె అని బోర్డుల ఒకటే లొల్లి, అంత పైసలు మా దగ్గర యాడున్నయ్. అందుకని విత్తనం కాయ ఒక్కటే పట్టుకున్నం. మా దిక్కు సీజన్ రాంగనే పల్లి విత్తనానికి రైతులు ఉరుకుతరు, బయట విత్తనం మొలుస్తదో లేదో తెల్వకుండనే కొంటరు. మేం ఏం చేసినం అంటే మంచిగ పండించే సభ్యులను ఏరి, వాళ్ళ చేన్లల కేళీలు పీకిచ్చినం, వేరే రకం మొక్క ఒక్కటి ఉండొద్దు. కాయ తెంపినంక కళ్ళంల ఎండపెట్టి, ఊపి చూస్తె లోపల గింజ గలగల చప్పుడు రావాలె, అప్పుడు తేమ మీటర్ పెడితే 9 లోపల చూపియ్యాలె. చూపియ్యకపోతే ఎంత దోస్తువైనా తీసుకోలే. తేమ ఉన్న కాయ గోనెల పడితే బూజు వస్తది, మొలక పోతది, అది తింటే మనిషికి కూడా మంచిది కాదు.

పైసల సంగతి. కాయ తెచ్చిన నాడు ఆ నాటి యార్డు రేటు ప్రకారం డెబ్బై శాతం చేతిల పెట్టినం, మిగిలింది విత్తనం అమ్మినంక, మీద బోనస్. మొదటి ఏడు మా మీద నమ్మకం లేక కొద్దిమందే వచ్చిన్రు. వాళ్ళకు బోనస్ ముట్టిందని తెలిసినంక తరువాతి ఏడు మేమే వద్దనాల్సి వచ్చింది. డెబ్బై శాతానికి పైసలు షేర్ డబ్బు, గ్రాంటు, కొంత అప్పు. సీడ్ లైసెన్సు వ్యవసాయ శాఖల తీసుకున్నం. పాలెం పరిశోధన కేంద్రం, మదనాపురం కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) సార్లు చేన్ల దాక వచ్చిన్రు, పైస అడుగలే. వ్యాపారం నేర్పింది మాత్రం విత్తన కంపెనీల పనిచేసి మానేసిన ఒక పిల్లగాడు, వానిని సీఈఓ పెట్టుకున్నం. జీతం సగం స్థిరం, సగం అమ్మకం మీద. ఆ సగం ఆశతోనే వాడు ఉన్నడు.

మర్రిగూడ_బత్తాయి
మా సీఈఓ పోతే మా డైరెక్టర్ కొడుకునే పెట్టుకుందాం అని ఒకరిద్దరు అంటున్నరు, తక్కువ జీతానికి వస్తడు. ఊరోడే కాబట్టి నమ్మకం.

లెక్కల_మనిషి
కొడుకు సభ్యుడైతే కుదరదు. ప్రొడ్యూసర్ కంపెనీ చట్టంలోనే ఉంది, సీఈఓ సభ్యుడు కాని మనిషై ఉండాలి, పూర్తికాలం పనిచేయాలి, బోర్డు నియమించాలి. సభ్యుడు కాకపోయినా డైరెక్టర్ కొడుకు అంటే మిగతా సభ్యులు ఏమనుకుంటారో ఆలోచించండి. లెక్కల్లో పది రూపాయలు తేడా వస్తే ఊరు రెండుగా చీలుతుంది.

కొండమల్లేపల్లి_శీను
మా ఎఫ్‌పీఓల జరిగింది అదే. చీలింది. ఇప్పుడు రెండు ఎఫ్‌పీఓలు ఒక్క ఊర్ల.

రాజేంద్రనగర్_కిరణ్
నేను అగ్రి స్టార్టప్‌లో ఉన్న. వ్యాపార సాయం కావాలంటే హైదరాబాద్‌లోనే చాలా చోట్లు ఉన్నయ్, పఠాన్‌చెరు ఇక్రిశాట్‌లో అగ్రిబిజినెస్ ఇంక్యుబేటర్ (కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే కేంద్రం) 2003 నుంచి ఉంది, అసొంటివే నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ)లో ఏ-ఐడియా, వ్యవసాయ యూనివర్సిటీలో అగ్‌హబ్. ప్యాకింగ్, బ్రాండు, ల్యాబ్ టెస్టులు, మెంటర్లు దొరుకుతరు. ఓఎన్‌డీసీ అనే ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్‌లో కూడా ఎఫ్‌పీఓలు సరుకు పెట్టి అమ్ముతున్నయ్.

దేవరకొండ_ఎవుసం
కిరణ్ తమ్ముడూ, బత్తాయి టన్నులల్ల తెగుతది, ఫోన్ల కిలో కిలో అమ్మితే చెట్టు మీదనే పండి రాలుతది.

రాజేంద్రనగర్_కిరణ్
నిజమే అన్నా, పచ్చి కాయకు అది సరిపోదు. లక్ష్మక్క పప్పు లాంటి వాటికి, పొడులకు, నూనెలకు బాగుంటది. అక్కా మీరు అగ్‌హబ్ వాళ్ళను ఒకసారి కలవండి, ప్యాకెట్ మీద ఏమేం రాయాలో, పప్పు ఎన్ని నెలలు నిలుస్తదో టెస్టు చేసి చెప్తరు.

ఫీల్డ్_రాజు
కిరణ్ చెప్పినవి ఒక మనిషి, ఒక వస్తువు, ఒక బ్రాండు ఉన్న చిన్న పరిశ్రమకు మంచివి. మూడు వందల మంది సభ్యులున్న కంపెనీల బోర్డు మీటింగ్ పెట్టి, పైసలు పంచి, నమ్మకం నిలబెట్టే పని వేరే. రెండూ ఒక్కటే అనుకొని ఒకే ట్రైనింగ్ ఇస్తరు, అక్కడ్నే గడబిడ.

మర్రిగూడ_బత్తాయి
ఇప్పుడు నా అసలు బాధ చెప్త. మా దగ్గర బత్తాయి అమ్ముడు అంటే వ్యాపారి తోటకు వస్తడు, నాలుగు చెట్లు చూసి, మంగు (నల్లి వల్ల తోలు మీద వచ్చే మచ్చ) ఉంది, కాయ సన్నం, రసం లేదు అని రేటు తగ్గిస్తడు. కాయ తెంపి కాంట పెడితే టన్నుకు క్వింటా, ఒక్కోసారి క్వింటన్నర తరుగు తీస్తడు. ఎందుకు అంటే లారీల ఎండుతది, కుళ్ళుతది అంటడు. మంగు కాయ రేటు ముందే తగ్గిచ్చి మళ్ళ తరుగు ఎందుకు? అడిగినోని తోటకు మళ్ళ ఏ వ్యాపారీ రాడు, ఒకరికొకరు చెప్పుకుంటరు. మాకు జ్యూస్ ఫ్యాక్టరీ వద్దు, ఈ కాంట దగ్గర సాయం కావాలె.

వనపర్తి_పల్లి
ఇగో, నీ వ్యాపారం దొరికింది గదా అన్నా. ఆ క్వింటానే నీ కంపెనీ లాభం.

రిటైర్డ్_ఫీల్డ్ఆఫీసర్
పల్లి గారి మాట బాగుంది. లెక్క వేసి చూడండి. సభ్యులందరి తోటల్లో కలిపి ఎన్ని టన్నులు తెగుతాయి, తరుగు సగానికి తగ్గితే ఎంత మిగులుతుంది. ఆ అంకె బోర్డు ముందు పెట్టండి. అందులో పావు వంతు కంపెనీకి వదిలినా సీఈఓ జీతం వస్తుందో రాదో తెలుస్తుంది. రాకపోతే సీఈఓను ఇంకో ఎఫ్‌పీఓతో కలిసి పంచుకోండి.

మర్రిగూడ_బత్తాయి
ఈ లెక్క మాకు మూడేళ్ళల్ల ఒక్కరు అడుగలే సార్. రాత్రి కూసోని వేస్త.

సంస్థాన్_నారాయణపురం
మేం మాది మేమే హైదరాబాద్ పండ్ల మార్కెట్ తీసుకపోయినం, గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం మారినంక. అక్కడ కూడా ఆడ్తి ఆయనకు కమీషన్ ఇయ్యాలె, దింపుడుకు హమాలి. కని కాంట మన కండ్ల ముందట. లోడ్ పెద్దగ ఉంటేనే లాభం, ఒక్క రైతు ఆటోల వేసుకపోతే కిరాయికే పోతది. ఎఫ్‌పీఓ లారీ నింపితే లెక్క కుదురుతది. ఒక్కటే చెప్త, కాయను గుంజి తెంపొద్దు, తొడిమ కొంచెం ఉంచి కత్తెరతో కోయాలె. తొడిమ ఊడిన కాయ అక్కడ్నుంచే మెత్తపడి పక్క కాయను కూడా పాడు చేస్తది. మా దగ్గర కైకిలోళ్ళకు ఇది చెప్పి చేయించినంక ట్రేలల్ల చెడు బాగ తగ్గింది.

ఫీల్డ్_రాజు
ఇంకో మాట, ఢిల్లీ ఆజాద్‌పూర్ దాక పోయే పెద్ద వ్యాపారులే నల్గొండల తోటలు పట్టుకుంటరు. వాళ్ళల్ల ఒక్కరితోనైనా ఎఫ్‌పీఓ పేరు మీద నేరుగ మాట్లాడుకుంటే ఊరి మధ్యవర్తి కమీషన్ మిగుల్తది. మీరు గ్రేడ్ చేసి, ఒక్క చోట లోడ్ చేసి ఇస్తామంటే ఆయనకు కూడా పది తోటలు తిరిగే బాధ తప్పుతది. వ్యాపారిని శత్రువు లెక్క చూడొద్దు.

దేవరకొండ_ఎవుసం
నేను మొదట్నుంచి గదే అంటున్న. వ్యాపారి లేకుండ అయితదా.

వనపర్తి_పల్లి
అయ్యా మీ ఇద్దరికి ఒక్క మాట మీద కలిసిందంటే ఈ చర్చకు సార్థకం 😄

పాలకుర్తి_వాణి
దేవరకొండ అన్న కూడా ఎఫ్‌పీఓల చేరేటట్టున్నడు

దేవరకొండ_ఎవుసం
కాంట ఎఫ్‌పీఓది పెట్టి, తరుగు ఎంతో బోర్డు మీద రాసి పెట్టిన నాడు చేరుత. నాయి కూడా ఏడెకరాల బత్తాయి ఉంది.

లెక్కల_మనిషి
కాంటా కొంటే తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి, ముద్ర గడువు చూసుకోండి. ప్రతి రైతుకు తక్‌పట్టీ (తూకం, డబ్బు లెక్క చీటీ) ఇవ్వండి, స్థూల బరువు, తరుగు, నికర బరువు, రేటు, చెల్లించింది, అన్నీ విడివిడిగా. ఆ పట్టీల నకళ్ళే రేపు బ్యాంకుకు మీ టర్నోవర్ రుజువు.

మర్రిగూడ_బత్తాయి
నిన్న బోర్డు మీటింగ్ అయింది. అందరు చెప్పినయ్ చదివి వినిపిచ్చిన. రాత్రి వేసిన లెక్క చూపిస్తే ఒకాయన నమ్మక మళ్ళ మొదటిసంది కూడిండు, అదే వచ్చింది. జ్యూస్ ప్లాన్ పక్కకు పెట్టినం. కత్తెర సీజన్ కాయ ఎండకాలం మొదట్ల తెగుతది కదా, ఒప్పుకున్న సభ్యుల తోటల వరకే కంపెనీ కాంట మీద తూచి, గ్రేడు చేసి, కొంత బాటసింగారం, కొంత ఢిల్లీ వ్యాపారికి ఇద్దామని తీర్మానం రాసినం. సీఈఓ పిల్లగాడు కూడా ఉంటనన్నడు, జీతం సగం స్థిరం సగం టన్నుల మీద. సీబీబీఓకు ఉత్తరం పోయింది, నాబార్డు ఆఫీసుకు కాపీ. మార్కెటింగ్ నిపుణుడిని పంపమని, పంపకపోతే ఎందుకో రాయమని అడిగినం. వాటా ఇంకో వెయ్యి కట్టే సంగతి మహాసభల పెడ్తం.

వనపర్తి_పల్లి
కాయ తెచ్చిన నాడు చేతిల ఎంత పెడ్తరో కూడా అదే తీర్మానంల రాయుండ్రి అన్నా. అది నోటి మాట మీద ఉంచొద్దు.

సంస్థాన్_నారాయణపురం
ట్రేలు కొనేముందు మా దగ్గరకి రాండ్రి, చూపిస్త. లోతు ఎక్కువున్న ట్రే తీసుకుంటే కింది కాయ నలుగుతది.

మర్రిగూడ_బత్తాయి
ఆదివారం వస్తం. దేవరకొండ అన్నా, నువ్వు కూడా రా, తొవ్వల ఎక్కిచ్చుకుంటం.

దేవరకొండ_ఎవుసం
వస్త. పొద్దుగాల ఎనిమిదింటికి మల్లేపల్లి స్టేజి కాడ ఉంట.